అంకుల్ ఆల్బంలో మగవేషం

ఈ పరాయి దేశంలో, మేముండే క్రాన్‌బర్న్‌లో తెలుగువాళ్లమంతా అంకుల్ అని పిలిచే డాక్టరుగారికి పాత ఫొటోల పిచ్చి. ఆ ఆదివారం వాళ్లింట్లో భోజనాలయ్యాక ఆల్బం బయటికి తీశాడు. అన్నీ పంతొమ్మిదో శతాబ్దపు తెల్లవాళ్ల నాటకాల్లో వేషాలేసిన ఆడవాళ్ల ఫొటోలే, అరచేతిలో పట్టే అట్టముక్కల మీద. ఆ రోజుల్లో జనం కొనుక్కుని దాచుకునేవాళ్లట. పాయసం అంటిన వేళ్లతోనే పేజీలు తిప్పుతున్నాడాయన.

ఒకామె మగవేషంలో ఉంది. తొడల దాకా బిగుతు మేజోళ్లు, పొట్టి కోటు, ఈకల టోపీ. అట్టతో చేసిన బండ మీద ఒక కాలు, నడుం మీద చెయ్యి.

"ఆ నిలబడ్డం చూడమ్మా, ఎంత కులుకో! నాటకాలది నాటకాలదే," అన్నాడు.

అందరూ నవ్వారు. ఛీ, నేనూ నవ్వాను.

ఆమె మడమల వెనక ఇనప స్టాండు అడుగుభాగం కనిపిస్తోంది. ఫొటో చెదరకుండా మెడని వెనకనుంచి పట్టి ఉంచేది అదేనని కాసేపటి క్రితం ఆయనే చెప్పాడు. మెడ కదపలేని మనిషిలో ఈయనకి కులుకు కనబడింది.

మా అమ్మమ్మా నాటకాలదే. కృష్ణుడి వేషం కట్టేది. ఆవిడ ఫొటో ఒక్కటే మిగిలింది. కిరీటం, పట్టుపంచె, పీట మీద ఒక కాలు, నడుం మీద చెయ్యి. దాన్ని నేను పూజ అరలో పెట్టాను. భక్తితో కాదు, హాల్లో పెడితే ఎవరని అడుగుతారని. పూజలో ఉంటే కృష్ణుడనుకుని దణ్ణం పెట్టుకుంటారు. పోయిన నెల మా ఇంట్లో వ్రతానికి వచ్చి ఈ అంకులూ పెట్టుకున్నాడు. నేను నోరు మెదపలేదు. కన్న కూతురికి కూడా చెప్పలేదు.

ఆ కూతురే ఇప్పుడు ఆల్బం మీదికి వంగింది. "మమ్, సేమ్ పోజ్ యాజ్ అవర్ కృష్ణా!"

"తప్పు తప్పు, దేవుణ్ణి ఇలాంటివాళ్లతో పోల్చకూడదమ్మా," అంటూ అంకుల్ లెంపలేసుకున్నాడు.

నా మీద నాకే రోత పుట్టింది.

"మా ఇంట్లో ఉన్నది దేవుడు కాదంకుల్. మా అమ్మమ్మ. నాటకాలది," అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ముందే చెప్పొద్దా? నా చేత దణ్ణం పెట్టించావే!" అన్నాడు. అంతసేపూ పాయసం అంటుకున్నా పట్టించుకోని చేతుల్ని అప్పుడు చొక్కాకేసి తుడుచుకున్నాడు.

ఇంటికెళ్లగానే అమ్మమ్మని హాల్లోకి తెచ్చాను, తలుపు తీయగానే కనిపించే చోటుకి.