సంచిలో గ్రైండర్

నరసన్నపేటలో హార్డువేర్ కొట్టు పెట్టుకుని, ఇనుము కోసే కటింగ్ వీల్ కోసం వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపించేయగల మొనగాడు ఏసుదానం ఒక్కడే. పెళ్ళిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు అడగరు.

వెల్డర్ గంగులు మొదటిసారి వెళ్ళి, "ఒక కటింగ్ వీల్ ఇయ్యి మావా" అన్నాడు.

"ఏటి కోస్తావు?"

"స్టీలు పైపు."

"అయితే ఒక మిల్లీమీటరు మందంది. నీ గ్రైండర్ మిషన్ ఎంత జోరుగా తిరుగుతాది?"

"గిర్రున తిరుగుతాది."

"గిర్రున అని వీల్ మీద ఎక్కడా రాయలేదురా! నిమిషానికి పన్నెండు వేల సుట్లు అని రాసున్నాది. మిషన్ తెచ్చి సూపించు."

తెచ్చాడు. వీల్ మీద సగం కప్పి ఉండాల్సిన రేకు, అదే గార్డు, లేదు. పనికి అడ్డమని ఊళ్ళో వెల్డర్లందరూ దాన్ని కొన్న రోజే పీకి పారేస్తారు.

"గార్డు లేనోడికి వీల్ లేదు," అని ఏసుదానం డబ్బా మూత పెట్టేశాడు.

వేరే కొట్లు లేవా అంటే ఉన్నాయి. అక్కడి వీల్స్ పైపు కంటే ముందు తామే అరిగిపోతాయి.

దీనికి వెల్డర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. తవిటమ్మ టీ కొట్టు బల్ల కింద గోనెసంచిలో గార్డున్న గ్రైండర్ ఒకటి ఉండేది. గంగులు అది తోటి వెల్డర్ అప్పలసూరిదనుకున్నాడు, అప్పలసూరి ఎల్లాజీదనుకున్నాడు. వీల్ కావాల్సినవాడల్లా దాన్నే చంకన పెట్టుకెళ్ళి చూపించేవాడు. ఒక శనివారమైతే అది ఐదుసార్లు వెళ్ళొచ్చింది.

ఏసుదానం ప్రతిసారీ కళ్ళజోడు పెట్టుకుని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూసేవాడు.

"బాగుందిరా. ఎప్పుడు కొన్నావు?"

"మొన్నే మావా."

"కోతకే వాడు. పక్కకి ఒంచి అరగదీశావంటే పగిలిపోతాది," అంటూ వీల్ తనే బిగించి ఇచ్చేవాడు. అది ఎంత గట్టి బిగింపంటే, విప్పి సొంత మిషన్‌కి మార్చుకునే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. పని కూడా దాంతోనే కానిచ్చేసేవారు. ముసలాణ్ణి భలే బోల్తా కొట్టించామని టీ కొట్టు దగ్గర పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు. తవిటమ్మ గ్లాసులు కడుక్కుంటూ ఉండేది.

ఒకరోజు గంగులు చర్చి మెట్లకి రెయిలింగు పెడుతున్నాడు. మర్నాడే అక్కడ పెళ్ళి, పని సాయంత్రానికల్లా అయిపోవాలి. ఆ తొందరలో కోసిన అంచు నున్నగా చేద్దామని అదే పల్చటి వీల్‌ని పక్కకి వంచి అరగదీశాడు. ఠాప్! వీల్ ముక్కలై గార్డుకి తగిలింది. గార్డు సొట్టపోయింది. గంగులు కళ్ళు తడుముకున్నాడు. రెండూ ఉన్నాయి.

సరాసరి తవిటమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "పిన్నీ, ఈ మిషన్ ఎవరిది? ఆడికి దండం పెట్టుకుంటాను."

"ఏసుదానం బావది. సెప్పొద్దన్నాడు. ఉత్తినే ఇస్తే మూల పడేస్తారంట. తనని మోసం సెయ్యడానికైతే శ్రద్ధగా వాడతారంట."

గంగులుకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. మిషన్ పట్టుకుని కొట్టుకెళ్ళాడు. "పెళ్ళి రేపే మావా. ఇంకో వీల్ ఇయ్యి."

ఏసుదానం కళ్ళజోడు పెట్టుకుని ఆ సొట్టని వేలితో తడిమాడు. తర్వాత గంగులు మొహాన్ని, చేతుల్ని ఎగాదిగా చూశాడు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

"బాగుందిరా. ఎప్పుడు కొన్నావు?"

"మొన్నే మావా," అన్నాడు గంగులు.

"మరి గార్డు సొట్టపోనాది. దీనికి వీల్ ఇవ్వను," అని ఏసుదానం రెండు కొత్త గార్డులు బల్ల మీద పెట్టాడు.

"రెండెందుకు మావా?"

"ఒకటి దీనికి. రెండోది, మీ ఇంట్లో గిర్రున తిరుగుతాదే, దానికి."