నాపరాతి షెడ్డులో బావ చెప్పిన మాట

మొన్న అక్క మనవరాలు రమ్మంటే కర్నూలులో ఒక కాలేజీ హాలుకు వెళ్ళాను. కొత్తగా కంపెనీలు పెట్టిన పిల్లలకు పెట్టుబడి ఎలా అడగాలో చెప్పే సభ అది. మా పిల్ల కూడా ఇద్దరు స్నేహితులతో కలిసి, బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రైతుకు ఫోనులో తెలిపే యంత్రం ఒకటి తయారుచేస్తోంది. పెట్టుబడి సంగతులయ్యాక ఒక డాక్టరమ్మ లేచి, డబ్బిచ్చినవాళ్ళకు చెడ్డ కబురు మీరే ముందుగా చెప్పండి, నిద్ర పట్టకపోతే దాచుకోకండి, ఎవరైనా చెప్పుకోవడానికి వస్తే వాళ్ళ నోరు మూయించకండి అన్నది. పిల్లలంతా రాసుకుంటున్నారు, కొందరు చెయ్యెత్తి తమ భయాలు చెప్పుకుంటున్నారు. నాకు కూర్చోబుద్ధి కాక బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజులవి. మా అక్క భర్త, అంటే మా బావ, గనిలో మేస్త్రీగా చేసి చేసి, మనమే ఒకటి పెడదామని బయలుదేరాడు. బ్యాంకు వాళ్ళు సగమే ఇస్తామంటే, మిగతా సగం మా చర్చి సంఘంలోని వాళ్ళనే అడిగాడు. పాలిచ్చే ఎనుమును అమ్మి ఇచ్చినవాళ్ళున్నారు, కూతురి చదువుకని దాచింది తెచ్చిచ్చిన పంతులమ్మ ఉంది. కాగితం రాయమన్నవాళ్ళు లేరు. బావ ముఖం చూసి ఇచ్చారు. నేను అప్పుడు ఉద్యోగం లేక తిరుగుతున్నాను కనుక ఆయన వెంట చేరాను.

షెడ్డు లేచింది, కరెంటు వచ్చింది, పాలిష్ పట్టే మిషను మాత్రం రాలేదు. తయారుచేసేవాళ్ళు ఈ నెల, వచ్చే నెల అంటూ జరిపారు. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే జనం బావ చుట్టూ చేరి, "మిషను యాడికొచ్చిందప్పా?" అని నిష్ఠూరం లేకుండానే అడిగేవాళ్ళు. ఆ నిష్ఠూరం లేకపోవడమే ఆయన్ను తినేసింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు. చొక్కాలు వదులయ్యాయి. మండుటెండలో షెడ్డు చుట్టూ తిరుగుతూ తనలో తను ఏదో గొణుక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "రేయ్, తలకాయలో ఏందో తిరుగుతానే ఉండాది రా, నిలపలేకుండా ఉండా. శానా భయమైతాండాది" అన్నాడు.

ఎవరైనా విన్నారేమోనని నేను చుట్టూ చూశాను. "ఊరుకో బావా, ఈ మాట సంఘంలో తెలిస్తే ఇచ్చినోళ్ళంతా ఎనక్కి అడుగుతారు. నగుతా ఉండు" అన్నాను. ఆయన నావైపు చూసి, నేను చెప్పినట్టే నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ ఆదివారం చర్చిలో అందరికీ తనే ధైర్యం చెప్పాడు. బుధవారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కడపలో బ్యాంకుకు పోయివస్తానని అక్కతో చెప్పి వెళ్ళాడు. కడప బండి ఎక్కలేదనీ, అవతలి ప్లాట్‌ఫారం మీద గుంతకల్లు బండి ఎక్కాడనీ స్టేషనులో టీ అమ్మే ఆయన తర్వాత చెప్పాడు. అంతే. మళ్ళీ మాకెవరికీ కనిపించలేదు.

రెండు వారాలకు మిషను లారీలో దిగింది. సంఘంలో పెద్దాయన దాని మీద చెయ్యి పెట్టి, "ఒక్క మాట చెప్పింటే ఆగకుంటిమా అప్పా? మేమేమన్నా పరాయోళ్ళమా?" అని ఏడ్చాడు. ఫ్యాక్టరీ నేనే నడిపి అందరి డబ్బూ తీర్చాను. రైలు ఆగిన ప్రతిచోటా బెంచీల మీద ముఖాలు వెతికాను. అక్క మాత్రం ఒక్కసారే అడిగింది, "నీకేమన్నా చెప్పినాడా?" అని. లేదన్నాను. నిరుడు ఆమె పోయింది, నా అబద్ధాన్ని నమ్మి.

సభ ముగిశాక మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుంది. "తాతా, నాకూ నెలనుంచి నిద్ర పడతాలేదు. మా యంత్రం తప్పు చూపిస్తాండాది, డబ్బిచ్చినోళ్ళకు ఇంకా చెప్పలే" అంది. ఆ పిల్ల మాట్లాడినంతసేపూ విన్నాను. తర్వాత, అక్కకు చెప్పనిదంతా ఆమెకు చెప్పాను. మర్నాడు తనే వాళ్ళకు ఫోను చేసింది. విసుక్కున్నారట, అయినా రెండు నెలలు గడువిచ్చారట. డాక్టరమ్మ దగ్గరికీ వెళ్తోంది.

ఇప్పటి పిల్లలు ఇంతమంది కొత్తవాళ్ళ మధ్య కూర్చుని, మాకు భయంగా ఉందని చెయ్యెత్తి చెబుతున్నారు. మా కాలంలో ఈ బాధకు పేరే లేదని నా తోటివాళ్ళు అంటుంటారు. పేరు లేకేం, ఉండేది. పిరికితనం అనేవాళ్ళం.