విమానానికి కట్టిన వెంట్రుకలు

ఆ ఆదివారం ఉదయం ఏడుంపావుకి ఖిదిర్‌పూర్‌లో మా వీధి కుళాయి ఆగిపోయింది. సగం నిండిన బకెట్‌తో ఇంట్లోకి వచ్చేసరికి అన్నయ్య మా చిన్న రెండు రెక్కల విమానాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ కర్ర బొమ్మను మేమిద్దరం కలిసి చేశాం. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య తీగలుగా అమ్మ వెంట్రుకలు బిగించి కట్టాం. సవరం కోసం దాచుకున్న రాలిన జుట్టులోంచి పొడవైనవి అమ్మే ఏరి ఇచ్చింది. మిగతా జుట్టు ఆమెతోనే చితికి వెళ్లింది. ఆ రోజు, "దీన్ని ముట్టుకోకే. అమ్మ ఇందులో ఉంది," అన్నది అన్నయ్యే.

ఇప్పుడు రెక్కల మధ్య నైలాన్ దారం మెరుస్తోంది.

"అమ్మ జుట్టు ఏటి సేసినావు?"

"వానగాలికి సాగిపోతాదే. బొమ్మ ఇమానాల క్లబ్బులో మనకి నేర్పే బెంగాలీ దాదా సూసి నవ్వినాడు. సాయంత్రం పోటీ కదా."

"జుట్టేదన్నయ్యా?"

"ఊడ్సీసినాను."

వీధి కాలువ దాకా వెళ్లి వెతికాను. దొరకలేదు.

సాయంత్రం విమానానికి బహుమతి వచ్చింది. దారాల బిగువును అందరూ మెచ్చుకున్నారు. అన్నయ్య చెడ్డవాడు కాదు. అమ్మ ఇందులో ఉందని తను అన్నాడు, నేను నమ్మాను. అంతే తేడా.

మా ఇంట్లో ఇప్పుడు రాలిన జుట్టును ఎవరూ దాచరు.