ఉజ్వల ఇంటికి తెచ్చిన ఈగలు

దసరా సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చే పిల్లలు మాసిన బట్టలు తెస్తారు, ఆకలి తెస్తారు. ఉజ్వల ఈగలను తెచ్చింది. బొటనవేలంత లావు గాజు సీసాలు, మూతుల్లో దూది ఉండలు, లోపల నువ్వుగింజ కన్నా చిన్న పండ్ల ఈగలు. వాటిని స్టీలు టిఫిన్ క్యారియర్‌లో నిలబెట్టి, కదలకుండా చుట్టూ చున్నీ కుక్కి, ఒళ్లో పెట్టుకుని ఇబ్రహీంపట్నం బస్సులో కూర్చుంది. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు, పైగా పండుగ రద్దీ. కాలు పెట్టే సందు లేదు.

పక్క సీటావిడ క్యారియర్ వంక చూసి, "ఏం కూర బిడ్డా?" అంది.

"కూర కాదక్కా, చదువు," అంది ఉజ్వల.

మంచాల రోడ్డులో ఉన్న ఇంటికి చేరి సీసాలు బయటికి తీసేసరికి నాయనమ్మ ఇంద్రమ్మ నెత్తి పట్టుకుంది.

"ఇంట్లకు ఈగలు రావద్దని పొద్దటిసంది నేను తలుపులేస్తున్న. నువ్వు పట్నంకెళ్లి బస్సెక్కిచ్చి తీస్కొస్తివా?"

నవ్వడానికి బాగానే ఉంది గానీ, ఉజ్వల బతుకంతా ఆ సీసాల మీదే ఉంది. డిగ్రీ అయ్యాక ఇంట్లో అందరూ ఆమె బి.ఎడ్. చేస్తుందనుకున్నారు. ఇబ్రహీంపట్నంలోనే కాలేజీ, తర్వాత దగ్గర్లోనే ఏదో బడి, పొద్దున పోతే సాయంత్రం ఇంట్లో. ఆమె మాత్రం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జెనెటిక్స్‌లో సీటు తెచ్చుకుంది. "గది చదివితే కొలువు దవాఖానలొస్తదా, బడిలొస్తదా?" అని తండ్రి హన్మంత్ అడిగితే, "ముందు చదువనియ్ బాపు," అని తప్పించుకుంది.

తీరా చేరాక తెలిసింది, అందులోని వంశపారంపర్య లెక్కల పేపర్ మనుషులు చదివేది కాదని. డిగ్రీ వరకు ఉజ్వలది బట్టీ చదువు. పేజీ నంబరుతో సహా అప్పజెప్పేది. ఇక్కడ పుస్తకం మొత్తం నోటికొచ్చినా ఒక్క ప్రశ్నకు జవాబు రాదు. ఆ పేపర్ చెప్పే నర్మద మేడం బోర్డు మీద నాలుగు గళ్లు గీసి, వాటిలో పిల్లల లక్షణాలు రాసి, "ఈ పిల్లల తల్లిదండ్రులెవరో చెప్పండి," అని చేతులు కట్టుకుని నిలబడేది. తలలన్నీ నోటుబుక్కుల్లోకి వంగేవి. మొదటి ఇంటర్నల్‌లో సగం క్లాసు తప్పింది. ఆ సగంలో ఉజ్వల కూడా ఉంది.

హన్మంత్ కోప్పడలేదు. కోప్పడితే ఎదురు చెప్పొచ్చు. "సరే, ఒకపారి పోయింది. మళ్ల పోతే ఇంటికొచ్చి బి.ఎడ్. చెయ్. ఇగ నన్ను ఏమనొద్దు," అన్నాడు అంతే. ఉజ్వల సరేనని మాటిచ్చేసింది.

వింతేమిటంటే, తప్పిన ఆ పేపరే ఆమెకు అన్నింటికంటే ఇష్టం. ఎప్పుడో పదింట్లో ఒక లెక్క కుదిరేది. కుదిరిన రోజు మెస్సులో పప్పు ఎలా ఉందో కూడా తెలిసేది కాదు. అందుకే నర్మద మేడం తప్పినవాళ్లకు ఒక దారి చూపించినప్పుడు ఉజ్వల అందరికంటే ముందు చెయ్యెత్తింది. ప్రతి ఒక్కరికీ రెండు రకాల ఈగలిస్తారు. ఉజ్వలకు ఎర్రకన్ను ఈగలు, తెల్లకన్ను ఈగలు వచ్చాయి. వాటికి జత కట్టించి, రెండు తరాలు పెంచి, ఆ తెల్లకన్ను తరం నుంచి తరానికి ఎలా పోతుందో తేల్చి చూపిస్తే పోయిన మార్కులు తిరిగొస్తాయి. తేల్చకపోతే లేదు. సెలవుల్లో ల్యాబ్ మూస్తారు కాబట్టి ఈగలను ఇంటికే తీసుకెళ్లాలి.

ఈగలకు తిండి వండాలి. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, గడ్డకట్టడానికి అగర్ పొడి. ఈస్టు, అగర్ ల్యాబ్‌లో ఇచ్చారు. ఇంటి నిండా మక్కలుండగా పిండి కొనడమేమిటని ఉజ్వల డబ్బాలోంచి గిన్నెడు తోడుకుని పిండి గిర్నికి పరుగెత్తింది. పొయ్యి మీద కలుపుతుంటే తల్లి నీలమ్మ, "మాకెన్నడన్న గింత ప్రేమతోని వండినవా?" అని దెప్పింది.

ఇక మిగిలింది పెళ్లి చూపులు. ఈ ఈగల్లో ఆడది పుట్టిన కొన్ని గంటలకే మగదానితో కలుస్తుంది. ఒకసారి కలిసిందంటే పిల్లల తండ్రి ఎవరో చెప్పడం బ్రహ్మతరం కాదు. అందుకని తెల్లవారగానే లేచి, అప్పుడే పుట్టిన ఆడవాటిని వేరు చేయాలి. సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెడితే ఈగలు చలికి మత్తుగా పడతాయి. వాటిని తెల్ల పళ్లెంలోకి ఒంపి, భూతద్దంలో చూస్తూ కోడి ఈకతో ఏరాలి. ఇంద్రమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం ఏర్తున్నవే?"

"పెండ్లి కాని ఆడపిల్లలను, నాయనమ్మా."

"మరి పిలగాడు?"

"పక్క సీసల ఉన్నడు. ఎర్ర కండ్లోడు."

ఇంద్రమ్మ భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. "పిల్లవి తెల్ల కండ్లాయె. జోడు కుదరదు," అని తీర్పు చెప్పి చాయ్ తాగింది.

జోడు కుదిరింది. గుడ్లు పెట్టాయి, తెల్లటి సన్న పురుగులొచ్చాయి, తిండిలో మెలికలు తిరిగాయి. ఉజ్వలకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇక ఆ పురుగులు పెరిగి, గాజు గోడెక్కి, గోధుమరంగు గూళ్లుగా మారాలి. గూళ్లలోంచి కొత్త ఈగలు రావాలి.

గోడెక్కలేదు. ఎంతవి అంతే ఉండిపోయి, ఒక్కొక్కటీ నల్లబడి చచ్చిపోసాగాయి.

పెద్ద అంబర్‌పేట్ నుంచి తేజస్వి ఫోన్ చేసింది. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. క్లాసులో ఉజ్వల పక్కనే కూర్చుంటుంది, ఇంటర్నల్ కూడా పక్కనే తప్పింది.

"మావి నిన్న సాయంత్రమే గోడెక్కేశాయి. నీవి ఎక్కలేదా?"

"నాయి చస్తున్నయ్ తేజూ."

ఆ సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడుతుంటే ఉజ్వల చప్పట్లు ఒక్కటీ తాళానికి పడలేదు. దోమల చక్రం పొగా? ఫ్రిజ్‌లో ఎక్కువసేపు పెట్టిందా? తన చేతులకు ఉన్న సబ్బా? ఆట మధ్యలోంచి బయటికొచ్చి మళ్లీ తేజస్వికి ఫోన్ చేసి, పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి ఏమేం చేసిందో మొత్తం చెప్పించుకుంది. అంతా ఒకటే. ఒక్క తేడా, తేజస్వి వాళ్లమ్మ పిండి ప్యాకెట్ కొనుక్కొచ్చింది.

మర్నాడు ఉజ్వల మెయిన్ రోడ్డు మీది దుకాణంలో పిండి ప్యాకెట్ తెచ్చింది. కొత్త జంటలను కట్టి, సగం సీసాల్లో ప్యాకెట్ పిండి, సగం సీసాల్లో ఇంటి పిండి తిండి పోసి ఒకే గోడ గూట్లో పక్కపక్కన పెట్టింది. పొలానికి బయల్దేరుతున్న హన్మంత్ ఆగాడు.

"చచ్చిన పిండిల మళ్ల ఎందుకేస్తున్నవ్?"

"ఎందుకు చచ్చినయో తెల్వాలె గద బాపు."

"తెలిస్తే మార్కులేస్తరా?"

"ఎయ్యరు."

హన్మంత్ చెప్పులు తొడుక్కున్నాడు. కానీ ఆ రోజు నుంచి పొలానికి పోయే ముందు గూటి దగ్గర ఒక నిమిషం వంగి చూసి పోవడం మొదలుపెట్టాడు. గోడెక్కిన సంగతి మొదట చూసింది కూడా ఆయనే. "ఉజ్వలా, ఇటు రా. ఎక్కినయ్," అని పిలిచాడు. ప్యాకెట్ పిండి సీసాల్లో ఎక్కాయి. ఇంటి పిండి సీసాల్లో ఒక్కటీ ఎక్కలేదు.

ఉజ్వల నేరుగా మక్కల డబ్బా దగ్గరికి పోయి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గింజల మధ్య గలగలమంటూ ఎండిన ఆకులు తగిలాయి. తీసి చూస్తే వేపాకు.

"నాయనమ్మా, మక్కలల్ల వేపాకేసినవా?"

"ఎయ్యకుంటే పురుగు పట్టదా?" అంది ఇంద్రమ్మ. తర్వాత ఆమెకూ వెలిగింది. "చెరగకుండనే గిర్నికి పట్కపోయినవా? ఎమ్మెస్సీ చదువుతున్నవ్, చాట కనవడలేదా?"

చాటలో చెరిగితే ఆకంతా ఎగిరిపోయేది. తొందరలో ఉజ్వల ఆకుతో సహా పిండి పట్టించింది. వేపాకు, తిన్న పురుగును వెంటనే చంపదు, పాత చర్మం విడిచి పెద్దది కానివ్వదు. ఈ ముక్క ఆమె డిగ్రీలోనే చదివింది, పరీక్షలో రాసింది, మార్కులు కూడా తెచ్చుకుంది. ఇన్నాళ్లకు అది అర్థమైంది. ఉజ్వల డబ్బా పక్కనే చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. చచ్చిన సీసాలను పారేయకుండా దాచింది.

సెలవులు అయిపోయే రోజు పొద్దున్నే కొత్త ఈగలు పుట్టాయి. ఉజ్వల పళ్లెంలోకి ఒంపి భూతద్దం పెట్టింది. మగది, తెల్ల కన్ను. మగది, తెల్ల కన్ను. ఆడది, ఎర్ర కన్ను. ఇంకో సీసా ఒంపింది. మగవన్నీ తెల్ల కళ్లే, ఆడవన్నీ ఎర్ర కళ్లే. ఒక్కటి కూడా తప్పలేదు. బోర్డు మీద నాలుగు గళ్లలో చూసి బుర్ర బద్దలు కొట్టుకున్నదంతా పళ్లెంలో కాళ్లు కదుపుతూ ఉంది. ఇంట్లో అందరినీ కేకేసి పిలిచింది.

హన్మంత్ భూతద్దం కన్నుకు ఆనించుకుని చాలాసేపు లేవలేదు. "కొడుకులకు తల్లి కండ్లు, ఆడబిడ్డలకు తండ్రి కండ్లు వచ్చినయ్. గిట్లెట్ల?"

"గా కంటి రంగు కొడుక్కి తల్లి దిక్కునుంచే వస్తది బాపు, తండ్రి ఇయ్యలేడు. బిడ్డకు ఇద్దరూ ఇస్తరు. ఇద్దరిచ్చిన కాడ ఎరుపుదే పైచెయ్యి. బిడ్డల తెలుపు లేదనుకోకు, లోపల దాసుకొని ఉంటది."

"మరి వీటి పిల్లలు?"

"ఆడయి సగం, మగయి సగం తెల్ల కండ్లతోని పుడ్తయ్."

హన్మంత్ తల అడ్డంగా ఊపాడు. "మగయంటే ఒప్పుకుంట. ఈ బిడ్డలల్ల ఒక్కదానికన్న తెల్ల కన్ను లేకపాయె. దాని కడుపుల తెల్లకండ్ల ఆడది ఎట్ల పుడ్తది? పుట్టినంక చూద్దాం."

ఉజ్వల ఆ కొత్త ఈగలనే ప్యాకెట్ పిండి సీసాల్లో జత కట్టించి పట్టుకెళ్లింది. యూనివర్సిటీ తెరిచారు. చూపించాల్సిన రోజుకు అందరి దగ్గరా రెండో తరం ఈగలున్నాయి. ఉజ్వల సీసాల్లో మాత్రం ఇంకా గూళ్లే ఉన్నాయి. నర్మద మేడం సీసాను వెలుతురులో పెట్టి చూసింది.

"రెండో తరం ఎక్కడ?"

ఉజ్వల చచ్చిన సీసాలు తీసి వేపాకు కథంతా చెప్పింది. క్లాసు గొల్లున నవ్వింది. మేడం నవ్వలేదు.

"కథ బాగుంది. మార్కులు దీనికి కాదు. ఇందులోంచి ఏం పుడతాయో ఇప్పుడే చెప్పు. చెప్పినట్టు పుడితే ఇస్తాను. పుట్టకపోతే నన్ను మళ్లీ అడగొద్దు."

ఉజ్వల తడుముకోలేదు. "ఆడయి సగం తెల్ల కండ్లు, సగం ఎర్ర కండ్లు మేడం. మగయి గూడ గంతే."

సెలవు రోజుల్లో బట్టీ పట్టి ఉంటే ఆ మాట అనడానికి ధైర్యం చాలేది కాదు. కానీ ఆమె ఇప్పుడు గళ్లను చూసి చెప్పడం లేదు, పళ్లెంలో కాళ్లు కదిపిన ఈగలను చూసి చెబుతోంది.

గూళ్లు విచ్చుకున్న పొద్దున సగం క్లాసు ఆమె బల్ల చుట్టూ మూగింది. తేజస్వి ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. మొదట మగది, ఎర్ర కన్ను. తర్వాత మగది, తెల్ల కన్ను. ఆడది, ఎర్ర కన్ను. మళ్లీ ఆడది, ఎర్ర కన్నే. ఉజ్వల ఈకతో ఇంకొకదాన్ని వెల్లకిలా తిప్పింది. లావు పొట్ట, కొసన నలుపు లేదు, ఆడదే. కన్ను పాలలా తెల్లగా ఉంది. ఆ ఒక్కదాన్ని చూశాక భయం పోయింది. మధ్యాహ్నానికి లెక్క సగానికి సగం దగ్గరికి వచ్చింది. నర్మద మేడం తనే మైక్రోస్కోప్‌లో చూసి, "సరిగ్గానే చెప్పావు," అని మార్కులు వేసి పోయింది. ఆమె నోటి నుంచి ఆ మాట రావడం క్లాసులో అదే మొదలు.

ఉజ్వల ఇంకా చేతులు కడుక్కోకముందే ఫోన్ మోగింది. హన్మంత్. పొలంలో పని వేళ ఆయన ఎప్పుడూ ఫోన్ చేయడు.

"తెల్లకండ్లది పుట్టిందా?"

"పుట్టింది బాపు."

"ఆడదేనా? మంచిగ చూసినవా?"

"మేడం గూడ చూసింది. సగానికి సగం."

"సగం తెల్లయేనంట," అని ఆయన పక్కనున్న ఎవరితోనో మస్తు సంబరంగా చెబుతున్నాడు. ఆ పక్కనున్నవాళ్లకు ఏం అర్థమైందో దేవుడికి తెలియాలి. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

"అవ్ గని, నువ్వు పాసైనవా?"

"పాసైన బాపు. మరి బి.ఎడ్.?"

"ఏ బి.ఎడ్.?" అన్నాడు హన్మంత్.