గేటుకు తాళం లేదు

నెలకు రెండు ఆదివారాలు సెలవు కావాలన్న మాట మొదట ఎత్తింది నేనే. నారాయణఖేడ్‌లో మా గల్లీ ఇళ్లల్లో పనిచేసేవాళ్లం పదకొండు మందిమి. మేం లేకపోతే ఎలా ఉంటుందో ఇళ్లవాళ్లకు తెలిసేలా ఒక్క ఆదివారం ఎవరమూ పనికి పోవద్దని ఒట్టేసుకున్నాం. మనూర్ నుంచి షేరింగ్ ఆటోలో వచ్చే ఆడవాళ్లను బతిమాలి ఒప్పించింది కూడా నేనే. అంత నోరు నాది.

మిగతావాళ్లవి అంట్లు, బట్టలు. నాది మంచం దిగలేని ముసలామెను చూసుకునే పని. కన్నడం తప్ప వేరే మాట రాదు. ఆదివారం రానని ఆమె కోడలికి ముందురోజే చెప్పాను. కోడలు సరేనని తలూపింది.

తెల్లారి మా పక్కింటామె చెప్పింది, కోడలు వాళ్లంతా పొద్దున్నే బీదర్‌లో పెళ్లికి పోయారని. మరి ముసలామెనో అని అడిగితే, ఇంట్లోనే ఉందేమో అంది.

పోవద్దనే కూర్చున్నాను. చాయ్ పెట్టుకున్నాను. పది దాటాక చెప్పులేసుకున్నాను. గేటుకు తాళం లేదు. వంటింటి గట్టు మీద జావకు పిండి, పక్కనే మందుల డబ్బా తీసిపెట్టి ఉన్నాయి. నేను వస్తానని వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఒళ్లు మండిపోయింది. ముసలామె తడిసిన పక్కలో పడి ఉంది. "బందియా అవ్వా?" అంది, వచ్చావా తల్లీ అని. ఇంక ఎవరి మీద కోప్పడను?

దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేస్తే గల్లీకంతా తెలిసిపోతుంది. హాల్లోనే తాడు కట్టి, ఫ్యాను కింద ఆరేశాను. బయట మావాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. పనిలేని ఆదివారం వాళ్లకు అదే మొదటిది. తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు వారాలు తిరగకుండానే అన్ని ఇళ్లవాళ్లూ సెలవుకు ఒప్పుకున్నారు. నాకూ ఇవ్వమని కోడలిని అడిగాను. ఆమె గొంతు కూడా పెంచలేదు.

"ఆ దినం నిన్ను మేము రమ్మన్నమా? నువ్వే వచ్చినవ్ గదా."

ఈ సంగతి మావాళ్లకు చెప్పలేదు. నాకూ సెలవు దొరికిందనే అనుకుంటున్నారు. సెలవు ఆదివారాల్లో అందరూ ఒకచోట కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, నన్నూ పిలుస్తారు. ఒంట్లో బాగాలేదంటాను. ఆ ఆదివారాలు వాళ్ల కంట పడకుండా, వెనక సందులోంచి పనికి పోతాను.