రాజలింగం ఓర్పు

యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు కార్డులు రాసే రాజలింగానికి భార్యతో పోట్లాడిన పాపం ఎన్నడూ అంటలేదు. కోపమొస్తే నోరు మూసుకునేవాడు. రెండు నెలలు, ఒక్కోసారి మూడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఓర్పు. ఆ ఓర్పును ఆరేళ్లు భరించిన వాసంతి, 1996 ఎండాకాలంలో విద్యానగర్‌లోని అక్క ఇంటికి వెళ్లిపోయి, విడాకులు కావాలని కబురు పెట్టింది.

వెంటనే చుట్టాలు రంగంలోకి దిగారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రాజలింగం మేనమామ వీరస్వామి నాలుగు ఆదివారాలు పంచాయితీ పెట్టాడు. నాలుగుసార్లూ మటన్ బాగా కుదిరింది. "సర్దుకపోవాలె బిడ్డా" అని వాసంతికి, "మొగోనివి, గట్టిగుండాలెరా" అని రాజలింగానికి చెప్పి, త్రేన్చి, బస్సెక్కేవాడు.

చివరికి వాసంతి వకీలే ఒక దారి చూపాడు. లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన గ్లోరీ మేడం తార్నాకలో ఉంటారు, కోర్టుకెక్కే ముందు ఆమె ఎదుట కూర్చుని మాట్లాడుకోండి అన్నాడు. రాజలింగం తన ఆధారాలన్నీ కార్డుల మీద అక్షరక్రమంలో రాసుకుని మరీ వెళ్లాడు. 'అ' కింద అన్నం మాడిన తేదీలున్నాయి.

గ్లోరీ మేడం వాటిని చూడనైనా లేదు. "నేను తీర్పు చెప్పేదాన్ని కాదండీ. ఇక్కడ ఒకటే నియమం. ఎదుటివాళ్లు అన్నది ముందు మీ నోటితో చెప్పాలి. ఆ తర్వాతే మీ జవాబు."

ఇదేం పెద్ద పని అనుకున్నాడు రాజలింగం.

వాసంతి మొదలుపెట్టింది. "మా అమ్మ పోయినప్పుడు షామియానా, బండ్లు, వంటోళ్లు, అన్నీ మీరే చూసుకున్నరు. నా పక్కన మాత్రం ఒక్క నిమిషం కూసోలే. నేను ఏడుస్తుంటే మీరు కుర్చీలు లెక్కపెట్టిండ్రు."

"రాజలింగం గారూ, ఆవిడ ఏమన్నారు?" అడిగింది మేడం.

"షామియానా నేనే తెప్పించిన అంటున్నది."

"తర్వాత?"

వేల పుస్తకాల పేర్లు నోటికొచ్చిన మనిషికి ఆ ఒక్క వాక్యం రాలేదు. వాసంతి మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది.

"నేను... పక్కన కూసోలే..." అని, చేతిలోని కార్డుల కట్ట పక్కన పెట్టేశాడు. "ఏం మాట్లాడాల్నో తెల్వకనే కుర్చీలు లెక్కపెట్టిన, వాసంతీ."

ఆరేళ్లలో ఆమె ఆయన నోట విన్న అతి పొడుగైన సంజాయిషీ అదే. నియమం ప్రకారం ఇప్పుడు ఆమె వంతు. "మీకు ఏం మాట్లాడాల్నో తెల్వలే," అని కళ్లు తుడుచుకుంది.

సినిమా అయితే ఇక్కడ కలిసిపోవాలి. వాళ్లు కలవలేదు. ఆ సాయంత్రం రాజలింగం తార్నాక నుంచి క్యాంపస్ క్వార్టర్స్ దాకా నడిచొచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు. మరో ఐదుసార్లు కూర్చున్నాక, ఎవరి మీదా తప్పు మోపకుండా ఇద్దరూ విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టారు.

"కలిసిండ్రా?" అడిగాడు వీరస్వామి.

"లేదు మామా, విడిపోతున్నం."

"మరి ఆ మేడం చేసిందేంది?"

రాజలింగం చెప్పబోయాడు. మామ అప్పటికే ఇంకెవరి ఇంట్లోనో రాబోయే ఆదివారం పెట్టబోయే పంచాయితీ సంగతి ఎత్తుకున్నాడు.

విడాకులు మంజూరైన కొన్నాళ్లకు నల్లకుంట మార్కెట్లో వాసంతి ఎదురైంది. అరగంట నిలబడి మాట్లాడుకున్నారు. ఎక్కువసేపు ఆమే మాట్లాడింది; ఆమె అన్నది ముందు తన నోటితో చెప్పాకే ఆయన జవాబిచ్చాడు. ఆయన సంచిలో తోటకూర వాడిపోయింది.