నాయన ఆగిన చోట

మా బ్యాండు పాటను చర్చిలో పాడతానని నాయన ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ముందు నమ్మలేదు.

కర్నూలులో చదివే రోజుల్లో నలుగురం కలిసి కట్టిన పాట అది. వానలు మొహం చాటేసిన ఏడు, మా చేలో బోరు ఎండిపోయిన కోపంలో నేనే రాశాను. ‘పైనున్నోడా, పలకవేమి’ అని పల్లవి. గిటారు గీపెడుతుంటే, డ్రమ్ములు దంచుతుంటే, ఆ ‘పలకవేమి’ దగ్గర నేను గొంతు చించుకుని అరిచేదాన్ని. యూట్యూబులో పెడితే అమ్మ విని, దీనికేమన్నా దెయ్యం పట్టిందా అంది. నాయన అసలు విన్నాడనే నేననుకోలేదు.

కమలాపురం పక్కన మా ఊరి చర్చిలో పాట ఎత్తేది నాయనే. మా దగ్గర పుస్తకం చూసి పాడేవాళ్లు తక్కువ. ఆయన ఒక ముక్క ఎత్తుతాడు, ఎట్లా ఎత్తితే జనం అట్లాగే అంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. నిరుడు గొంతులో గడ్డ తీశాక ఆ గొంతు పోయింది. మాట బొంగురుగా వస్తుంది గానీ పైకి లేవదు. రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చల్లగా చెప్పి పంపాడు. అప్పటినుంచి నాయన చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నాడు. ఇంట్లో కూడా మాటలు తగ్గించేశాడు.

ఇప్పుడేమో కోత పండుగకు పాడతాడట. పాడితే పాడావు, అలవాటైన పాత పాట ఏదన్నా పాడరాదా అని విసుక్కున్నాను.

“పాతవి వద్దు పాపా. నా పాత గొంతు అందరికీ గుర్తుండాది. నీ పాట ఎట్లుంటాదో ఈడ ఎవరికీ తెలీదు.” “ఈసారి గొంతు రాకపోతే ఇంగ నేను పాడేదానికి లేయను,” అన్నాడు.

పండుగకు ముందురోజే ఊరికి బస్సెక్కాను.

పండుగనాడు చర్చిలో ముందువైపు శెనక్కాయ మూటలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు పేర్చారు. అమ్మ నా పక్కన చాప మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన హార్మోనియం పక్కన నిలబడి మొదలుపెట్టాడు. పాటను ఎంత నెమ్మది చేశాడంటే, రాసిన నేనే వెంటనే గుర్తుపట్టలేదు. నేను తిట్టిన చోటల్లా ఆయన బతిమాలుతున్నాడు. బాగుందని మురిసిపోవడానికి నాకు తీరికేదీ, ఆ అరుపు దగ్గర పడుతోంది. దించుకో నాయనా, కింద పాడు నాయనా అని లోపల్లోపలే మొత్తుకుంటున్నాను.

ఆయన దించలేదు. ‘పైనున్నోడా, పలక...’ అని పైకెత్తాడు. అక్కడ పుటుక్కున తెగిపోయింది. ఉత్త గాలి వచ్చింది. నాయన మొహం నల్లబడింది. ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి కూర్చోబోయాడు. అయిపోయింది, ఇక ఈ మనిషి జన్మలో లేవడు అనుకున్నాను.

అంతలో జనం అందుకున్నారు. ‘పైనున్నోడా, పలక...’ అని, సరిగ్గా అక్కడే తెంపేసి, ఆయన లాగే ఊపిరి వదిలి ఆగారు. పాట వరసే అంత అనుకున్నారు మా వాళ్లు. ఎత్తినట్టు అనడమే కదా వాళ్లకు తెలిసింది. తరవాతి ముక్క కోసం అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. సగం వంగిన నాయన మెల్లగా నిటారుగా లేచి, కింది గొంతుతో ‘వేమి’ అన్నాడు. వాళ్లూ అన్నారు. పాట చివరిదాకా నడిచింది. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

బయటికొచ్చాక ఒక ముసలామె నాయనను పట్టుకుని, “ఆ ఆగేది శానా బాగుండాదప్పా,” అంది. అవునవునని తలూపాడు, దొంగ. ఇప్పుడు ప్రతి ఆదివారం మళ్లీ ఆయనే ఎత్తుతున్నాడు.

మొన్న కర్నూలులో మేం నలుగురం కలిసి ఆ పాట మళ్లీ పాడాం. అరుపు దగ్గరికొచ్చేసరికి నా గొంతు దానంతటదే ఆగింది. డ్రమ్ములు వాయించే అతను కర్రలు పైకెత్తి, ఏమైంది, మర్చిపోయావా అన్నాడు.

“లేదు,” అన్నాను. “వరసే అంత.”